వెన్నెలకంటి సుబ్బారావుగారు

ఆంగ్లమును చక్కగా నభ్యసించిన తొలితరపు తెలుగువారిలో సుబ్బారావుగారొకరు. 1784లో జన్మించిన వీరు పలుభాషలు నేర్చి, 1815 మొదలు 1829 వరకు చెన్నపట్టణపు సదరు కోర్టులో అనువాదకులుగను, ద్విభాషిగను పనిచేసిరి.

పరభాష నేర్చుటలోని కష్టము వీరెరిగినదే. 1820లో మద్రాసు స్కూలు బుక్ సొసైటీకి సమర్పించిన నివేదికలో బడిపిల్లల దురవస్థను వివరించిరి. బాలురు అర్థమెరుగకయే పాఠములు వల్లెవేయుచుండిరి. తమ భాషకు వ్యాకరణమొకటి కలదని యెరుగనివారు ఆంగ్ల వ్యాకరణమునకు దిగి తికమకపడుచుండిరి. కావున ముందుగా మాతృభాషలో వ్యాకరణమును, నీతికథలను నేర్పవలెనని సూచించిరి. ఇంగ్లీషు చలువవలన కొలువు సంపాదించినవారే యీ మాట చెప్పుట గమనింపదగినది.

వీరు 1839లో గతించిరి. ఆంగ్లములో వ్రాసికొనిన స్వీయచరిత్ర 1873లో అచ్చయ్యెను. అది తెనుగున వెలువడుటకు మరి నూరేండ్లు పట్టెను.