మల్లయోధురాలు హమీదా బానూ

బలవంతుల ప్రస్తావన వచ్చినపుడు మన బాలురు సమ్సోనును, భీమసేనుని, వీరఘట్టమునఁ బుట్టిన కోడి రామమూర్తినాయుడుగారిని దలంతురు. ఆ వరుసలో స్త్రీ పేరు వినఁబడదు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండికడియపు కుస్తీతో ముగియు మన జాతరలలోను స్త్రీలు చిరకాలము చూపరులకును దూరముగనే యుండిరి. అట్టి గోదాలోనికి దిగి పురుషులతోడనే తలపడిన హమీదా బానూ చరిత్రమును ఈ సంచికయందు మా పాఠకులకు వినిపింప నెంచితిమి.

ఆమె స్వస్థలము ఉత్తరప్రదేశమునందలి మీర్జాపురము. ఆఁడుది కుస్తీపట్టుట అచటివారికి గిట్టలేదు. అందుచే అలీగఢ్ పట్టణమునకుఁ బోయి సలాం పహిల్వానునొద్ద శిష్యురాలయ్యెను. ఎత్తు 5 అడుగుల 3 అంగుళములు. బరువు 108 కిలోలు. ఆమె భోజనమునుగూర్చి నాటి పత్రికలు ముచ్చటపడి వ్రాసినవి: దినమునకు అయిదున్నర లీటరులకు మించిన పాలు, ఒక కోడి, ఇంచుమించు కిలో మాంసము, అరకిలో వెన్న, 6 గ్రుడ్లు, బాదముపప్పు, రెండు పళ్లెముల బిరియాని. నిద్ర 9 గంటలు, సాధన 6 గంటలు. మా విద్యార్థులు భోజనమును జ్ఞాపకముంచుకొని యీ ఆరుగంటల సాధనను మఱతురేమో యని మా సందేహము.

1944లో బొంబాయిలో గూంగా పహిల్వానుతో ఆమె కుస్తీ యేర్పాటయ్యెను. చూడవచ్చినవారు 20,000 మంది. తీరా సమయమునకు అతఁడు అధికధనమును, మఱికొంత గడువును గోరుటచే పోటీ రద్దయ్యెను. జనులు కోపించి క్రీడాస్థలమును ధ్వంసము చేసిరి.

1954 ఫిబ్రవరిలో ఆమె చేసిన ప్రకటన దేశమంతట సంచలనము గలిగించెను. తన్ను గోదాలో నోడించినవానిని వివాహమాడెదనని దాని సారాంశము. స్వయంవరకథలు మన మెఱుఁగనివి కావు. కాని వానిలో పందెము నియమించువాఁడు తండ్రి. ఇచట పందెము పెట్టినదియు, ఎదుట నిలిచి పోరినదియు కన్యయే. పటియాలా, కలకత్తా మల్లులు ఓడిపోయిరి. మే నెలలో బరోడాకు వెళ్లఁగా, మహారాజు ఆదరమునందున్న ఛోటే గామా స్త్రీతో పోరనని తప్పుకొనెను. బదులుగా వచ్చిన బాబా పహిల్వానును ఆమె 1 నిమిషము 34 సెకనులలో పడవేసెను. అప్పటికి 320 కుస్తీలకుఁ బైగా గెలిచితినని ఆమె చెప్పుకొనుచుండెను. ఈ గెలుపును స్మరించి గూగుల్ సంస్థ 2024 మే 4న తన ముఖపుటపై ఆమె చిత్రమును నిలిపెను.

గెలుపు వెంట రాళ్లును వచ్చినవి. ఒకమారు పురుషుని నోడించినందుకే జనులు ఎగతాళిచేసి రాళ్లు రువ్వఁగా పోలీసులు అడ్డుపడవలసివచ్చెను. పుణెలో రామచంద్ర సాలుంకేతో కావలసిన పోటీ కుస్తీసంఘము అభ్యంతరముచే నిలిచిపోయెను. ఆమె బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయిగారికి మొఱపెట్టుకొనఁగా, స్త్రీయైనందున గాదు, నిర్వాహకులు ఆమె కెదురుగా ఉత్తుత్తి మల్లులను నిలుపుచున్నారను ఫిర్యాదులచే నిషేధించితిమని వారు సమాధానమిచ్చిరి. కూలికి కుస్తీపట్టు ఆ కాలమున ముందే గెలుపోటములు కుదుర్చుకొనుట కలదు. ఆ నింద పురుషులకును దప్పలేదు. అయినను పురుషుఁడు గెలిచినపుడు రాయి యెత్తనివారు ఈమె గెలిచినపుడే యెత్తుట న్యాయమని మాకుఁ దోఁపదు.

అదే 1954లో బొంబాయిలో రష్యా ఆఁడుయెలుఁగని పేరువడిన వేరా చిస్టిలిన్‌ను నిమిషములోపలనే యోడించెను. ఇఁక ఐరోపాకుఁ బోయి అచటి మల్లులతోఁ బోరెదనని ప్రకటించెను. ఆ ప్రయాణము సాగలేదు. ఆమె పేరును పత్రికలనుండి మాయమయ్యెను. ఇంటివారు చెప్పు కారణము వినుటకు బాధాకరము: ఆమె వెళ్లుట యిష్టములేక గురువైన సలాం కఱ్ఱతోఁ గొట్టి చేతులు విఱుగఁగొట్టెనఁట, కాళ్లకును దెబ్బ తగిలి, పిమ్మట కొన్నియేండ్లు ఊఁతకఱ్ఱ లేక నడువలేకపోయెనఁట. ఇరువదివేల జనము నాకర్షించిన దేహము గోదాలోఁ గాక యింటిలో నేలఁగూలెను.

సలాం అలీగఢ్‌కు మరలిపోయెను. ఆమె బొంబాయి దాపునఁగల కల్యాణులోనే నిలిచి, పాలమ్మియు, ఇల్లు అద్దెకిచ్చియు జీవించెను. డబ్బు చాలనపుడు ఇంటఁ జేసిన చిరుతిండ్లను బాటప్రక్క గూర్చుండి యమ్మెను. 1986లో మరణించెను.