మిస్తహిమస్క్వా: అనువాదంలో కుంచించుకుపోయిన పేరు

కెనడా చరిత్ర పుస్తకాల్లో ఆయన ‘బిగ్ బేర్’. సొంత జనం క్రీ భాషలో పిలుచుకున్న పేరు మిస్తహిమస్క్వా. ‘మస్క్వా’ అంటే ఎలుగుబంటి. ‘మిస్తహి’ అంటే చాలా, ఎంతో. ఆ మాట కొలిచేది ఒంటి పరిమాణాన్ని కాదు. ఎలుగు గుణం మెండుగా ఉన్న మనిషి అని ఆ పేరును మేం అర్థం చేసుకుంటున్నాం. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అది ఉత్త ‘పెద్ద ఎలుగు’ అయింది.

ఆయన 1825 ప్రాంతంలో, ఇప్పటి సస్కాచెవాన్‌లోని ఫోర్ట్ కార్ల్‌టన్ దగ్గర పుట్టారని చరిత్రకారుల అంచనా. తండ్రి కూడా నాయకుడే. చిన్నతనంలో మశూచి సోకినా బతికి బయటపడ్డారు. ముఖం మీద మచ్చలు మాత్రం మిగిలాయి. క్రీల నమ్మకంలో ఎలుగు ఆత్మ చాలా శక్తిమంతమైనది. ఆ ఆత్మ తనకు కలలో కనిపించిందని ఆయన నమ్మారు. ఎలుగు పంజాను పవిత్రంగా దాచుకున్నారు.

1876లో ప్రభుత్వం మైదాన ప్రాంత క్రీలతో ఆరో ఒప్పందం కుదుర్చుకుంది. మెడకు తాడు పడటమంటే తనకు భయమని మిస్తహిమస్క్వా అన్నారు. అధికారులు దాన్ని ఉరిశిక్ష భయంగా రాసుకున్నారు. తాడు కట్టిన జంతువులా స్వేచ్ఛ పోతుందన్నదే ఆయన భావమని చరిత్రకారులు పలువురు అంటున్నారు. పేరుకు జరిగిందే మాటకూ జరిగింది.

ఆయన సంతకం చేయలేదు. ఇంతలో అడవిదున్నల మందలు అంతరించాయి. ఒప్పందంలో చేరితేనే తిండి అంది ప్రభుత్వం. ఆకలికి ఆయన వెంట ఉన్న జనం చెదిరిపోయారు. ఆరేళ్లు నిలబడిన ఆయన 1882 డిసెంబర్ 8న ఫోర్ట్ వాల్ష్‌లో ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాతా తెగలన్నీ ఒక్క గొంతుతో అడగాలని తిరిగారు.

1885 ఏప్రిల్ 2న ఫ్రాగ్ లేక్‌లో ఆయన దండులోని యువకులు తొమ్మిది మందిని చంపారు. ఆయన ఆపమని అరిచారు, ఎవరూ వినలేదు. ఆ సంగతి కోర్టులో సాక్షులు చెప్పినా రెజీనాలో రాజద్రోహ నేరం కింద మూడేళ్ల జైలు వేశారు. స్టోనీ మౌంటెన్ జైల్లో ఆరోగ్యం చెడింది. 1887లో ముందుగానే వదిలారు. 1888 జనవరి 17న పౌండ్‌మేకర్ రిజర్వులో కన్నుమూశారు.

ఎల్లయ్యను ‘ఎల్లిగాడు’ అని పిలిచిన ఊళ్లు మనకు కొత్త కాదు. పేరును కుదించిన నోరే చరిత్రనూ రాస్తే ఏం మిగులుతుందో మనకు తెలుసు. అందుకే ఈ వ్యాసంలో మేం ఆయన్ను ఆయన పేరుతోనే పిలిచాం.