ఆనీ ఓక్లీ చేతిలోని తుపాకీ

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డార్క్ కౌంటీలో 1860 ఆగస్టు 13న పుట్టింది ఫీబీ ఆన్ మోజీ. ఐదేళ్లకే తండ్రి పోయాడు. ఇల్లు గడవక తల్లి ఆమెను బీదల ఆశ్రమానికి పంపింది. అక్కణ్ణించి పనికి కుదిరిన ఇంట్లో పడరాని పాట్లు పడి, పారిపోయి ఇల్లు చేరింది. తుపాకీ పట్టి అడవిపిట్టల్ని, కుందేళ్లని కొట్టి అమ్మింది. పదిహేనేళ్లకల్లా తల్లి ఇంటి మీద అప్పు తీర్చేసింది!

ఆ తర్వాత ఫ్రాంక్ బట్లర్ అనే పేరుమోసిన గురికాడు ఆమెతో పందెం కాసి ఓడిపోయాడు. ఓడినాయనే ఆమెను పెళ్లాడాడు. ఆనీ ఓక్లీ పేరుతో 1885లో బఫెలో బిల్ ప్రదర్శనలో చేరాక భార్య పేరే ముందుకొచ్చింది. ఆయన చిన్నబుచ్చుకోకుండా ఆమె వ్యవహారాలు చూసుకున్నాడు. అలాంటి మగవాళ్లు ఇప్పుడు మాత్రం ఎంతమంది చెప్పండి?

ఆనీ ఐదడుగుల మనిషి. ఇంగ్లండు వెళ్లినప్పుడు లండన్‌లో చార్లెస్ లాంకాస్టర్ కంపెనీ ఆమెకు ఒంటికి తగ్గ తేలికైన షాట్‌గన్ చేసిచ్చింది. కొలతలిచ్చి రవిక కుట్టించుకున్నట్టే!

ఈ తుపాకుల కొలతలో ఓ తిరకాసుంది. గొట్టం వెడల్పుకి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగితే అది 12 గేజ్, ఇరవై తూగితే 20 గేజ్. నూలు నంబరులాగే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కొట్టే స్కీట్ పోటీల్లో, అమెరికాలో 12, 20, 28 గేజ్‌లు, 410 బోర్ అని నాలుగు తరగతులు. ఈ చివరిది గేజ్ లెక్క కాదు, అంగుళంలో వెయ్యోవంతులు 410 అని. తూటాలో చిన్న గుళ్లు 12 గేజ్‌కి ఔన్సు పైచిలుకు దాకా ఉండొచ్చు, 410కి అర ఔన్సే. గుళ్లు తగ్గితే గురి ఇంకా సూటిగా ఉండాలి. అందుకే సన్న గొట్టంతో పెద్ద తరగతిలో ఆడనిస్తారు గానీ, పెద్ద గొట్టంతో చిన్న తరగతికి రానివ్వరు.

ఆనీ కాలానికి ఈ తరగతులు లేవు. అయినా 1922లో, అరవై దాటాక, పదహారు గజాల నుంచి వరసగా వంద బిళ్లలు పగలగొట్టింది. 1926లో ఓ పత్రిక పెట్టిన పోటీలో స్కీట్ అన్న పేరు సూచించి వంద డాలర్లు గెలిచింది కూడా ఓ స్త్రీయే, మోంటానాకు చెందిన గెర్ట్రూడ్ హర్ల్‌బట్. అదే ఏడాది నవంబరు 3న ఆనీ కన్నుమూసింది. పద్ధెనిమిది రోజులకి బట్లర్ కూడా పోయాడు.