గగారిన్... మళ్లీ ట్రైనీ సీట్లోకి!

యూరి గగారిన్ పేరు మీకు కొత్తేం కాదు. గ్రూప్స్‌కో, రైల్వే పరీక్షలకో ప్రిపేరవుతున్న ఎవర్నైనా అడగండి. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి, సోవియట్ యూనియన్, 1961 ఏప్రిల్ 12, వోస్టాక్-1 అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. జీకే పుస్తకాల్లో అతని గురించి ఉండేది దాదాపు ఆ ఒక్క లైనే. మరి అతను ఎలా చనిపోయాడో తెలుసా? రాకెట్‌లో కాదు. కొత్త పైలట్లు శిక్షణకి వాడే రెండు సీట్ల జెట్ విమానంలో. అప్పటికి వయసు 34. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ మనిషి ఆ రోజు కూర్చున్నది ట్రైనీ సీట్లో!

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆ జీకే లైను ఒక మార్కు తెస్తుందేమో. దానికి ముందూ వెనకా ఉన్న కథ మాత్రం ఉద్యోగం వచ్చాక కూడా పనికొస్తుంది.

ఫౌండ్రీ నుంచి కాక్‌పిట్‌కి

గగారిన్ 1934 మార్చి 9న స్మోలెన్స్క్ ప్రాంతంలోని క్లూషినో అనే పల్లెటూళ్లో పుట్టాడు. నాన్న వడ్రంగి. అమ్మ పాడి పశువుల దగ్గర పనిచేసేది. నలుగురు పిల్లల్లో ఇతను మూడోవాడు. ఏడేళ్ల వయసులో జర్మన్ సైన్యం ఊళ్లోకి దిగింది. వాళ్ల ఇంటిని లాక్కుంది. ఇంటి వెనక మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున్న మట్టి గుడిసెలో ఆ కుటుంబం 21 నెలలు తలదాచుకుంది. అన్ననీ, అక్కనీ వెట్టిచాకిరీకి పోలండ్ పట్టుకుపోయారు. యుద్ధం ముగిశాక గానీ వాళ్లు ఇల్లు చేరలేదు.

అలాంటి ఇంట్లో పిల్లాడికి ముందు కావాల్సింది ఏంటి? చేతికో పని. 16 ఏళ్లకే మాస్కో దగ్గర లుబెర్ట్సీలోని ఉక్కు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడు. ట్రేడ్ ఫౌండ్రీ, అంటే కరిగించిన లోహాన్ని అచ్చుల్లో పోసే పని. పగలు పని, సాయంత్రం బడి. అక్కడ మంచి మార్కులు రావడంతో సరాతోవ్‌లోని టెక్నికల్ స్కూల్‌కి పంపారు. మన లెక్కలో చెప్పాలంటే ముందు ఐటీఐ, తర్వాత పాలిటెక్నిక్ అన్నమాట. ఖర్చుల కోసం వోల్గా నది ఒడ్డున రేవులో మూటలు మోశాడు. వారాంతాల్లో అక్కడి ఏరోక్లబ్‌కి వెళ్లి చిన్న ట్రైనింగ్ విమానాలు నడపడం నేర్చుకున్నాడు. ఫౌండ్రీ డిప్లొమా చేతిలో ఉన్నా, 1955లో ఒరెన్‌బర్గ్‌లోని మిలిటరీ పైలట్ల స్కూల్లో చేరిపోయాడు.

ఇంటికి పంపేసేవాళ్లే

ఇక్కడే అసలు మలుపు. అప్పుడే ప్రపంచంలోని వాయుసేనలన్నీ ప్రొపెల్లర్ విమానాల నుంచి జెట్‌లకి మారుతున్నాయి. వేగం పెరిగింది, ఆలోచించుకునే టైమ్ తగ్గింది. కుర్రాళ్లకి జెట్‌లు అలవాటు చేయడానికి సోవియట్ వాయుసేన మిగ్-15లో రెండు సీట్ల రకాన్ని వాడేది. ముందు సీట్లో నేర్చుకునేవాడు, వెనక సీట్లో నేర్పేవాడు.

ల్యాండింగ్ గగారిన్‌కి ఓ పట్టాన కుదర్లేదు. రెండుసార్లు తడబడ్డాడు. శిక్షణ నుంచి తీసేసే పరిస్థితి వచ్చింది. కమాండర్ ఇంకో చాన్స్ ఇచ్చాడు. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఒక చిన్న పని చేశాడు. గగారిన్ ఎత్తు 157 సెంటీమీటర్లే. సీట్లో కూర్చుంటే బయట రన్‌వే సరిగ్గా కనిపించదు. అందుకని సీట్లో ఒక దిండు వేయించాడు. అంతే, విమానం చక్కగా దిగింది.

ఆలోచించండి. లోపం కుర్రాడి చేతిలో లేదు. తెలివిలోనూ లేదు. నేల ఎక్కడుందో అతనికి కనిపించకపోవడమే సమస్య. దాన్ని పక్కనున్న మనిషి కనిపెట్టాడు. ఆ దిండే లేకపోతే మన జీకే పుస్తకంలో ఇంకో పేరు ఉండేది.

1957 నవంబర్‌లో లెఫ్టినెంట్ అయ్యాడు. అప్పటికి గాల్లో గడిపింది దాదాపు 167 గంటలు. అదే ఏడాది వాలెంటీనాతో పెళ్లయింది. నార్వే సరిహద్దు దగ్గరున్న చలి ప్రాంతంలో పోస్టింగ్. 1960లో వ్యోమగాముల తొలి బృందంలోని 20 మందిలో ఒకడిగా ఎంపికయ్యాడు. మరుసటి ఏడాది 108 నిమిషాల్లో భూమిని ఒకసారి చుట్టి వచ్చాడు. ఏడు కిలోమీటర్ల ఎత్తులో క్యాప్సూల్ నుంచి బయటికొచ్చి పారాచూట్‌తో దిగాడు. దిగింది ఎక్కడో తెలుసా? విమానం నడపడం మొదటిసారి నేర్చుకున్న ఆ సరాతోవ్ ప్రాంతంలోనే.

పేరొచ్చింది, పని పోయింది

ఆ తర్వాత కొన్నేళ్లు దేశదేశాలు తిరగడంతోనే సరిపోయింది. మన దేశానికీ వచ్చాడు. సన్మానాలు, ఉపన్యాసాలు, ఫొటోలు. పైలట్‌కి కావాల్సిన గాల్లో గంటలు మాత్రం పెరగలేదు. 1967 ఏప్రిల్‌లో సోయుజ్-1 పారాచూట్ తెరుచుకోక వ్లదీమిర్ కొమరోవ్ చనిపోయాడు. ఆ యాత్రకి బ్యాకప్ గగారినే. దేశానికి ప్రతిష్ఠ తెచ్చిన మనిషిని పోగొట్టుకోవడం ఇష్టంలేక, ఇకపై అంతరిక్షానికి పంపకూడదని పెద్దలు నిర్ణయించారు.

మీరైతే ఏం చేసేవాళ్లు? ఆ పేరుతో జీవితాంతం హాయిగా బతికేయొచ్చు. గగారిన్ అలా కూర్చోలేదు. జుకోవ్‌స్కీ అకాడమీలో ఇంజినీరింగ్ చదువు పూర్తిచేసి, 1968 ఫిబ్రవరిలో పట్టా తీసుకున్నాడు. కనీసం ఫైటర్ పైలట్‌గానైనా మళ్లీ అర్హత తెచ్చుకోవాలనుకున్నాడు. కల్నల్ హోదాలో ఉండి, ఒకప్పుడు తను తడబడిన అదే రకం ట్రైనింగ్ మిగ్‌లోకి ఎక్కాడు. మార్చి 13 నుంచి 22 దాకా 18 సార్లు ఎగిరాడు. మొత్తం కలిపి 7 గంటలు.

ఆ 13 నిమిషాలు

1968 మార్చి 27. మాస్కో దగ్గరి చ్కలోవ్‌స్కీ ఎయిర్‌ఫీల్డ్. వెనక సీట్లో రెజిమెంట్ కమాండర్ వ్లదీమిర్ సెర్యోగిన్. యుద్ధంలో ఆరితేరిన పైలట్, సోవియట్ యూనియన్ హీరో. ఆయన చూసి సరే అంటే గగారిన్ మిగ్-17లో ఒంటరిగా ఎగరాలి. ఉదయం 10 గంటల 18 నిమిషాల ప్రాంతంలో విమానం లేచింది. కాసేపటికే పని పూర్తయిందని, తిరిగొస్తున్నామని రేడియోలో మామూలు గొంతుతో చెప్పాడు గగారిన్. అదే ఆఖరి మాట. 10.31 ప్రాంతంలో, కిర్జాచ్ పట్నం దగ్గర అడవిలో విమానం నేలకి గుద్దుకుంది. ఇద్దరూ చనిపోయారు.

దర్యాప్తు పెద్ద ఎత్తున జరిగింది. నివేదికని మాత్రం దశాబ్దాల పాటు రహస్యంగా ఉంచారు. ఖాళీని పుకార్లు నింపాయి. తాగి నడిపాడన్నారు, కుట్ర అన్నారు. ఆ రెండింటికీ ఆధారాల్లేవు. దేన్నో తప్పించుకోబోయి విమానాన్ని ఒక్కసారిగా తిప్పడంతో అది స్పిన్‌లో పడిందన్నది బయటికొచ్చిన పత్రాల సారాంశం. స్పిన్ అంటే రెక్కలకి గాలి పట్టు తప్పి, విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడం. వాతావరణ బెలూనా, పక్షా, ఇంకో విమానమా అన్నది ఇప్పటికీ తేలలేదు. అనుమతి లేని ఎత్తులో ఒక సూపర్‌సానిక్ జెట్ పక్క నుంచి దూసుకుపోయిందని సహచర వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ 2013లో చెప్పాడు.

స్పిన్‌లో పడితే బయటపడే పద్ధతి ఉంది. పైలట్లకి నేర్పేదే అది. దానికి కావాల్సింది ఎత్తు. ఇక్కడే రెండు చిన్న విషయాలు ప్రాణం తీశాయి. కంట్రోలర్ ఇచ్చిన వాతావరణ సమాచారం పాతది. మబ్బులు వాళ్లకి చెప్పినదానికంటే బాగా కిందికి దిగాయి. మబ్బుల్లోంచి బయటపడేసరికి ఇంకా ఎత్తు ఉందనుకున్నారు. లేదు. రెండోది, రెక్కల కింద అదనపు ఇంధన ట్యాంకులు తగిలించే ఉన్నాయి. ఆ రోజు చేయాల్సిన విన్యాసాలకి అవి ఉండకూడదు.

కాక్‌పిట్‌లో ఇద్దరు హీరోలున్నారు. అయినా నేల ఎంత దూరంలో ఉందో వాళ్లకి తెలియలేదు. ఒరెన్‌బర్గ్‌లోనూ సమస్య అదే కదా! అప్పుడు ఒకరు గమనించారు. ఈసారి ఎవరూ గమనించలేదు.

మరి మీరు ఏ సీట్లో?

రేపు మీరు ఉద్యోగంలో చేరతారు. మొదటి రోజే పైలట్ సీటు ఎవరూ ఇవ్వరు. మీకు వచ్చేది ఆ వాతావరణ సమాచారం అందించే కుర్చీ, ఆ ట్యాంకులు చూసుకునే డ్యూటీ లాంటివే. నిన్నటి టెస్ట్ రిపోర్ట్‌ని ఇవాళ్టిదిగా ఫార్వర్డ్ చేయడం, మారిన డ్రాయింగ్ బదులు పాతది సైట్‌కి పంపడం, సార్‌కి తెలిసే ఉంటుందిలే అని అడగకుండా వదిలేయడం... ఫ్రెషర్ స్థాయిలో ఇవి చాలా చిన్నవిగా కనిపిస్తాయి. అవతల మన మాట నమ్మి మబ్బుల్లోకి వెళ్లేవాళ్లు ఉంటారు. ఎదుటివాళ్లు ఎంత సీనియరైనా, ఎంత పేరున్నవాళ్లైనా, ఈ సమాచారం ఎన్ని గంటలది అని ఒక్కసారి అడగడానికి మొహమాటపడకండి.

ఇంకోటి. పేరొచ్చాక కూడా ట్రైనీ సీట్లో కూర్చోవడానికి గగారిన్ సిగ్గుపడలేదు. కింది నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుందేమో అని ఆఫర్ దగ్గర ఆగిపోయేవాళ్లు, కోర్స్ మారడానికి వెనకాడేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

గగారిన్ చితాభస్మం క్రెమ్లిన్ గోడలో ఉంది. చిన్నప్పుడు చదువుకున్న గ్జాత్స్క్ పట్నానికి ఆ ఏడాదే అతని పేరు పెట్టారు. దిండు వేయించిన ఇన్‌స్ట్రక్టర్ మాత్రం ఏ పరీక్షలోనూ ప్రశ్నగా రాడు. ఈసారి ఆ జీకే లైను చదివేటప్పుడు ఆయన్ని కూడా ఒకసారి తలచుకోండి.