బురదకి లేబుల్స్ పెట్టిన మందుల షాపాయన

లేబుల్స్ లేని డేటాతో మోడల్ ట్రైన్ చేయడం ఎంత కష్టమో మన సీఎస్ఈ వాళ్ళకి తెలుసు. సముద్రం అడుగు బురదకి ఆ లేబుల్స్ ఇచ్చినాయన హెన్రీ బౌమన్ బ్రాడీ.

1835లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో పుట్టారు. న్యూకాజిల్‌లో మందుల వ్యాపారం చేశారు, 1876లో మానేశారు. అదే ఏడాది ఛాలెంజర్ ఓడ సముద్రాలు తిరిగి, అడుగు బురద తీసుకొచ్చింది. అందులో ఫోరామినిఫెరా ఉన్నాయి. ఇవి ఇసుక రేణువంత గుల్లలు కట్టుకునే ఏకకణ జీవులు. ఓడెక్కని బ్రాడీ ఆ గుల్లల్ని మైక్రోస్కోపు కింద వేరుచేసి, స్లైడ్ల మీద పెట్టి, పేరూ దొరికిన చోటూ రాసి ఉంచారు. 1884లో 115 ప్లేట్ల బొమ్మలతో రిపోర్టు వచ్చింది. 1891లో చనిపోయారు.

తర్వాత వాళ్ళు ఆ పేర్లు చాలా మార్చారు. అయినా ఆయన కష్టం వృథా కాలేదు. స్లైడ్లు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి, అనుమానం వస్తే పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

మా ఈపురుపాలెం వైపు సముద్రంలోనూ, కృష్ణా–గోదావరి బేసిన్‌లో, 2006లో బురద కోర్లు తీశారు. అలాంటి పొరల వయసు చెప్పడానికి ఈ గుల్లలు పనికొస్తాయి. గుల్ల పేరు తప్పితే వయసూ తప్పొచ్చు. అందుకే నా దృష్టిలో పేరు కన్నా దాచిన గుల్లే గొప్పది.