జైలు లోపలి మనిషిని చూచిన వట్టికోట

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టుట, రోగులను పరామర్శించుట, చెరసాలలో ఉన్నవారిని దర్శించుట - ఈ మూడింటిని మన ప్రభువు ఒకే వరుసలో చెప్పారు. మొదటి రెండు పనులు మన సంఘాలు శ్రద్ధగానే చేస్తున్నాయి. మూడవదాని దగ్గరకు వచ్చేసరికి మన కాళ్ళు వెనుకాడుతాయి. జైలులో ఉన్నవాడు మొరటువాడు, వానితో మనకేమి పని అనుకుంటాం. ఆ మొరటుతనం ఎక్కడినుండి వస్తుందో దగ్గరనుండి చూచిన మన తెలంగాణ బిడ్డ ఒకరున్నారు. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన మన విశ్వాసమునకు చెందినవారు కారు. అయినను ఆయన జీవితం మనకు పాఠమే.

ఆళ్వారుస్వామిగారు 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో జన్మించారు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్నారు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. తరువాత హోటలులో పనిచేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తెలుగు చదువు కరువైన నిజాం రాజ్యంలో పుస్తకాలు అచ్చువేయించి, తానే మోసుకొని తిరిగి అమ్మారు. ఆంధ్ర మహాసభలోను, కమ్యూనిస్టు ఉద్యమంలోను పనిచేసినందుకు ఏండ్ల తరబడి జైళ్ళలో గడిపారు.

1948లో నిజామాబాదు జైలులో ఆయనతోపాటు కవి దాశరథి కృష్ణమాచార్యులు ఉన్నారు. కాగితము, కలము లేని చోట దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు వ్రాశారు. 1949లో వెలువడిన తమ అగ్నిధారను ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చారు. అంతటి ఇరుకులో మనిషికి మనిషి తోడు ఎంత బలమో దీనివల్ల తెలుస్తుంది.

అయితే ఆళ్వారుస్వామిగారి గొప్పతనం ఇంకొకచోట ఉన్నది. రాజకీయ ఖైదీలు సాధారణంగా తమ పోరాటాన్ని గూర్చి వ్రాసుకుంటారు. ఈయన తన పక్కన ఉన్న మామూలు ఖైదీలను గూర్చి, లోకం దొంగలని, హంతకులని వెలివేసినవారిని గూర్చి కథలు వ్రాశారు. అదే జైలు లోపల అను సంపుటి. పతితుని హృదయం, విధివంచితులు, మెదడుకు మేత, పరిసరాలు - ఆ కథల పేర్లే ఆయన దృష్టిని తెలుపుతున్నవి. నేరస్థుడు పుట్టుకతో నేరస్థుడు కాడనియు, పరిస్థితులే అతనిని అక్కడికి తెచ్చినవనియు, అవకాశమిస్తే నిలబడగలడనియు ఆయన నమ్మకం. ఆయన 1961 ఫిబ్రవరి 5న, నలభై ఆరేండ్లు నిండకుండానే కన్నుమూశారు.

ఈ మాటను మనం ఇంటి అనుభవంతోనే పోల్చుకోవచ్చును. నాలుగు రాత్రులు నిద్ర లేకపోతే మనమే ఇంటిలోనివారిమీద విసుక్కుంటాం. పంటి నొప్పి ఉన్నవాడు పలుకరిస్తే కసరుతాడు. మరి గాలి ఆడని గదిలో, గజ్జి, దగ్గులతో, వాయిదా ఎప్పుడో తెలియక, ఇంటినుండి జాబు రాక, నెలల తరబడి ఉన్నవాడు ఎట్లుంటాడు? ఒకడు తగవులాడుతాడు. ఒకడు నోరు మెదపడు. ఇంకొకడు తన ప్రాణం తానే తీసుకోజూస్తాడు. బయటివారికి అది పొగరుగా కనిపిస్తుంది. చాలాసార్లు అది జబ్బు. దానికి లాఠీ దెబ్బ మందు కాదు. నేరమునకు శిక్ష ఉండవలసినదే, నష్టపోయినవారికి న్యాయం జరుగవలసినదే. కాని జబ్బును శిక్షగా వేయుటకు ఏ న్యాయాధిపతియు తీర్పు వ్రాయడు.

పరిశుద్ధ గ్రంథము దీనిని దాచలేదు. ధైర్యశాలియైన బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉన్నప్పుడే సందేహముతో ప్రభువునొద్దకు శిష్యులను పంపెను. ప్రభువు అతనిని గద్దింపక మెచ్చుకొనెను. పౌలు చెరలోనుండి తిమోతిని కోరినవి ఒక అంగీ, పుస్తకములు. అంగీ ఒంటికి, పుస్తకములు మనస్సుకు. పుస్తకాలు మోసిన ఆళ్వారుస్వామిగారు ఈ రెండవ అవసరమును బాగుగా ఎరిగినవారు.

నేడు చట్టము కూడా ఈ మార్గముననే నడుస్తున్నది. 15 దినములకు మించి ఏకాంత నిర్బంధం కూడదని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమములు చెప్పుచున్నవి. ప్రతి రాష్ట్రములో కనీసం ఒక జైలు వైద్య విభాగమందైనను మానసిక చికిత్సా కేంద్రం ఉండవలెనని మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశించుచున్నది. అయితే చట్టము డాక్టరును పంపగలదు గాని ఆత్మీయుని పంపలేదు.

మన గజ్వేల్ 2016లో సిద్దిపేట జిల్లాలో చేరేవరకు మెదక్ జిల్లాలోనిదే. ఆ పాత జిల్లాకు కేంద్రమైన సంగారెడ్డిలో 1796 నాటి జైలు 2016లో మ్యూజియమైనది. రుసుము చెల్లించి ఒక దినం ఖైదీవలె ఉండి వచ్చుటకు అప్పుడు ఏర్పాటు చేశారు. కాని ఆ సందర్శకునికి రేపు తలుపు తెరుచుకుంటుందని తెలుసు. అసలు ఖైదీకి తెలియదు. ఆ తేడాలోనే మనస్సు విరిగేది.

ఈ శతవార్షికోత్సవ సంవత్సరంలో మన స్త్రీల మైత్రి, యౌవనుల కూటము అధికారుల అనుమతితో జైలుకు వెళ్ళుటకు పూనుకొనవలెనని మా మనవి. కరపత్రములతోనే సరిపెట్టక దుప్పట్లు, పుస్తకములు తీసికొని పోదము. చెప్పుటకంటె ఎక్కువగా విందము. ఇంటివారికి కబురు అందజేయుదము. అక్కడ మనకొరకు ఎదురుచూచువాడు ఎవరో ప్రభువు ముందే చెప్పియున్నారు గదా.