దుర్గాబాయి గారు, మన పడమటి తాలూకాల ఆడబిడ్డలు

స్వర్ణోత్సవ సంచికకు ఒక పెద్ద మనిషి జీవితం రాసివ్వమని కమిటీ వారు అడిగారు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంట పుట్టినవాణ్ణి కాబట్టి మాచాని సోమప్ప గారి గురించి రాస్తాననుకున్నారు. ఆయన గురించి మన దిక్కున తెలియనివారు లేరు, నాకంటే బాగా రాసేవారూ ఉన్నారు. నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ఎంచుకున్నాను. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషికి, ఆదోని బడి సంచికకు ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి గడప దాటి ఎక్కడికి పోవాలి, పోతే తన గోడు ఎవరికి, ఏ భాషలో చెప్పుకోవాలి అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆమె జీవితమే గుర్తొస్తుంది. సంబంధం అంతే.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని తేల్చి చెప్పి, భర్త సుబ్బారావు గారిని మరో పెళ్ళి చేసుకోమన్నారు. పుట్టింటివారు ఆమె పక్షాన నిలబడ్డారు. ఈ సంగతి చాలామందికి తెలుసు. దాని తరువాతి భాగం అంతగా ఎవరూ చెప్పరు. సుబ్బారావు గారు పోయాక ఆయన రెండో భార్యకు అత్తింట ఆదరణ లేకపోతే, ఆమెను చేరదీసి, చేతిపనిలో శిక్షణ ఇప్పించి, తన కాళ్ళ మీద నిలబడేలా చేసింది దుర్గాబాయి గారే. నా మటుకు నాకు ఆమె పొందిన పదవులన్నిటికంటే ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు నిండలేదు. ఊళ్ళో దేవదాసీలు, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు ఆయనను చూడాలని ఆ పిల్ల పట్టుబట్టింది. వాళ్ళు టౌన్‌హాలు సభకు రారు. వచ్చినా పక్కన కూర్చునేవారు లేవరని నమ్మకం లేదు. అందుకని వాళ్ళకోసం వేరే సభ కావాలంది. అయిదు వేల రూపాయలు విరాళం తెస్తే గాంధీజీ సమయంలో అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. దేవదాసీ స్త్రీలే ఆ డబ్బు పోగుచేశారు. తరువాతి తంటా స్థలం. చివరికి ఒక బడి ఆవరణ దొరికింది. అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంట పైగా ఉన్నారు. ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు, మొత్తం పాతికవేల దాకా తేలింది. ఆయన హిందీ మాటల్ని ఆ చిన్నపిల్లే తెలుగు చేసింది. టౌన్‌హాలు సభలో కూడా కొండ వెంకటప్పయ్య గారికి బదులు ఆమె చేతనే అనువాదం చేయించారు.

ఈ ఘట్టాన్ని బాలమేధావి కథగా చెప్పడం అలవాటు. నేను ఇంజనీరును, నాకు వేరేగా కనబడుతుంది. కాలువ ఎంత ఘనంగా కట్టినా పొలం మట్టం చూసుకోకపోతే నీరు ఎక్కదు. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టు రైతును అడిగితే ఇంకా బాగా చెబుతాడు. సభ పెట్టాం, అందరూ రావచ్చు అని దండోరా వేస్తే సరిపోదని, రాలేనివారికి ఏది అడ్డమో చూసి దాన్ని తీసేయాలని ఆ వయసులోనే ఆమెకు తట్టింది. పరదా ఉన్నవాళ్ళను పరదా తీసి రమ్మనలేదు. దేవదాసీలకు నీతులు చెప్పలేదు. వేళ, చోటు, భాష వాళ్ళకు కుదిరేలా చేసింది.

మన ఆదోని దిక్కున ఈ మాట తొందరగా అర్థమవుతుంది. ఒక వీధిలో ఉర్దూ, పక్క వీధిలో తెలుగు, సరిహద్దు పల్లెల్లో ఇంటి భాష కన్నడం. బసివినిగా వదలడం అనే ఆచారం మన పల్లెల్లో ఎంతకాలం నడిచిందో పాత తరం ఉపాధ్యాయులకు తెలుసు. ఆడపిల్లను అమ్మవారి పేరున వదిలేస్తారు. పెళ్ళి ఉండదు, పుట్టింటనే ఉంటుంది, ఆమె మీద చేయి వేసినవాడికి ఏ బాధ్యతా ఉండదు. 1947లో మద్రాసు రాష్ట్రం, 1988లో ఆంధ్రప్రదేశ్ దీన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. చట్టం ముడుపు కట్టడాన్ని ఆపగలదు. అప్పటికే ముడుపయిన పిల్లకు అన్నం, పని, గౌరవం ఎవరిస్తారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దుర్గాబాయి గారు జీవితమంతా పనిచేసింది ఈ రెండో ప్రశ్న మీదనే.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. మూడేళ్ళలో మళ్ళీ మళ్ళీ వెళ్ళారు, మదురై జైలులో ఒంటరి గది అనుభవించారు. అక్కడ తోటి ఖైదీ స్త్రీల కథలు విన్నారు. చదువు రాక, తమ మీద మోపిన నేరమేమిటో తెలియక, చెప్పినచోట వేలిముద్ర వేసి శిక్ష పడ్డవాళ్ళు. తరఫున మాట్లాడే వకీలు లేడు. న్యాయశాస్త్రం చదవాలన్న నిర్ణయం అక్కడ పుట్టింది. చేతిలో మెట్రిక్ కూడా లేదు అప్పటికి. బెనారసు విశ్వవిద్యాలయం పరీక్ష ప్రైవేటుగా రాశారు. బి.ఏ.కి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. పేపర్లో ప్రకటన ఇచ్చి, తనలాంటి అమ్మాయిలను కూడగట్టి, తామే హాస్టలు పెట్టుకున్నారు. 1942 నాటికి మద్రాసులో అడ్వకేటు అయ్యారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మొదట మైలాపూరులో నలుగురు పిల్లలకు హిందీ, చదువు చెప్పడంతో ఆరంభం. తరువాత వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, ఇంట్లో ఉండలేనివాళ్ళు రావడంతో సంస్థ రూపమే మారింది. నీకు ఏ అన్యాయం జరిగిందో ముందు చెప్పు అనే షరతు అక్కడ లేదు. చదువుకోడానికో కుట్టు నేర్చుకోడానికో వచ్చాననవచ్చు. చుట్టాలు అడిగితే చెప్పుకోదగిన మాట అది. పరువుకు భయపడే మన ఇళ్ళలో ఇది ఎంత పెద్ద వెసులుబాటో ఆలోచించండి. హాస్టలు, చేతిపని, పరీక్ష చదువు, ఆసుపత్రి, తరువాత హైదరాబాదులో కాలేజీలు, అన్నీ ఒక్కొక్క అవసరం వెంట వచ్చినవే.

రాజ్యాంగ సభ సభ్యత్వం, ఆస్తిలో ఆడవారి హక్కు కోసం వాదన, 1952లో ప్రణాళికా సంఘం, 1953 జనవరిలో చింతామణి దేశ్‌ముఖ్ గారితో వివాహం – ఇవి పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, నేను ఆగను. ఆ ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఆమె మొదటి అధ్యక్షురాలు. మొదటి ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం నాలుగు కోట్ల రూపాయలు పెట్టించారు. ప్రభుత్వం తానే ఇళ్ళు కట్టి నడపడం కంటే, ఊరి మనసు తెలిసిన స్థానిక సంఘానికి డబ్బిచ్చి నడిపించడం మేలన్నది ఆమె లెక్క. ఇందులో లోపం లేకపోలేదు. సంఘం మంచిదైతే పని మంచిది, కాకపోతే కాగితం మిగులుతుంది. 1958లో వచ్చిన సంక్షిప్త కోర్సులు మాత్రం బాగా నిలిచాయి. మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్ళను రెండేళ్ళలో పరీక్షకు తయారుచేసి, నర్సుగానో, టీచరుగానో, గ్రామసేవికగానో ఉద్యోగానికి అర్హత వచ్చేలా చేయడం వాటి పని.

1953లోనే చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చారు. భార్యాభర్తల తగవును దొంగతనం కేసు విచారించినట్టు విచారించకూడదని, వేరే కోర్టు కావాలని నెహ్రూ గారితో, పెద్ద న్యాయమూర్తులతో చర్చించారు. 1981 మే 9న ఆమె కన్నుమూసేనాటికి ఆ చట్టం రాలేదు. 1984లో వచ్చింది. ఇరుపక్షాలూ వకీలును హక్కుగా కోరలేని కోర్టు, రహస్య విచారణకు అవకాశం, స్త్రీ న్యాయమూర్తులకు ప్రాధాన్యం అందులో ఉన్నాయి. రాజీకి ప్రయత్నించాలన్న నియమమూ ఉంది. ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం. మన పల్లె పంచాయితీల్లో రాజీ అంటే ఆడపిల్లకు సర్దిచెప్పి దెబ్బలు కొట్టే ఇంటికే తిరిగి పంపడం. 2005 గృహహింస చట్టం వచ్చాక గాని, కొట్టేవాణ్ణి ఆపి ఆమెను ఆ ఇంట్లోనే ఉండనిచ్చే వీలు కలగలేదు.

ఇప్పుడు 181 నంబరుకు ఫోను చేస్తే పలుకుతారు, ఒకేచోట వైద్యం, పోలీసు, న్యాయ సహాయం ఇచ్చే సఖి కేంద్రాలు వచ్చాయి. కానీ ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. దెబ్బలు తిన్న మనిషి ఇద్దరు పిల్లలతో, బస్సు చార్జీ లేకుండా, ఉర్దూ తప్ప మాట రాకుండా ఎలా పోతుంది? మిరపకాయల కోతకు గుంటూరు పోయే ఇళ్ళలో పిల్ల ఎనిమిదో తరగతిలో బడి మానితే, రెండేళ్ళలో పెళ్ళి. ఇది ఉపాధ్యాయులకు నేను చెప్పాల్సిన సంగతి కాదు.

అందుకని పూర్వ విద్యార్థుల సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లలో గత పదేళ్ళలో మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల పేర్లు ఉంటాయి. వాళ్ళలో రాగలిగినవారికి ఓపెన్ స్కూలు పద్ధతిలో పదో తరగతి చెప్పిద్దాం. క్లాసు పత్తి తీత లేని నెలల్లో, మధ్యాహ్నం పూట, ఉర్దూ వచ్చిన ఒక టీచరమ్మ, కన్నడం వచ్చిన ఒక టీచరమ్మ ఉండేలా. చోటు బడిలోనే కానక్కరలేదు, పిల్లలు ఒప్పుకున్న ఇంట్లో అయినా సరే. బయటికి అది పదో తరగతి క్లాసు. వచ్చిన పిల్ల ఇంకేమైనా చెప్పుకోవాలంటే వినడానికి మన సంఘంలోని డాక్టరమ్మలు, లాయరమ్మలు వారానికొకరు వంతున వచ్చి కూర్చుంటే చాలు. మొదటి రెండేళ్ళ ఖర్చు మా బ్యాచి మిత్రులం భరిస్తాం. పేర్లు ఇవ్వదలచినవారు ఉత్సవం రోజు సంఘం కార్యదర్శి గారి దగ్గర రాయించండి.